చొక్కా అంచు

ఆ మెరుపుల గౌను పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. ఉత్తమ సంగీతానికి నవ్వింది, ఉత్తమ రంగాలంకరణకు నవ్వింది, ఈ ఏడాది కన్నుమూసిన నటీనటుల ఫొటోలు వరసగా వేసినప్పుడూ అదే నవ్వు, ఇప్పుడు "చిన్న విరామం, ఎక్కడికీ వెళ్ళకండి" అంటూ మళ్ళీ అదే. ఎక్కడికి పోతాను తల్లీ, మా చెల్లెలు నన్ను తనింట్లో ఈ సోఫాలో రెండు దిళ్ళ మధ్య ఇరికించి, మోకాళ్ళకు అడ్డంగా టీపాయ్ లాగి, దాని మీద పల్లీల గిన్నె పెట్టి మరీ కూర్చోబెట్టింది. నాటకాలకు అవార్డులట, వాటిని టీవీలో చూడాలట. నాటకం ఆడుతున్న రోజుల్లో ఒక్క కెమెరా అటు తొంగి చూసిన పాపాన పోలేదు. వాన పడితే గ్రీన్ రూంలో బకెట్లు పెట్టుకుని, ఆ టపటపలకు మా గొంతులు వినబడవేమోనని ఇంకాస్త గట్టిగా అరిచి ఆడాం. ఇప్పుడు అదే హాలు చూడు, మెట్ల నిండా పూలకుండీలు, కప్పు నుంచి వేలాడే దీపాలు, ముందు వరసలో టికెట్టు కొనడమంటే ఏమిటో తెలియని పెద్దమనుషులు. వాళ్ళలో సగంమందికి నాటకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు, పక్కవాడు చప్పట్లు కొడితే వీళ్ళూ కొడతారు.

ఇక్కడ కూర్చున్నవాళ్ళు వాళ్ళకేం తీసిపోరు. మా మరిదికి టైల్స్ దుకాణం, కాబట్టి లోకంలో ఏది చూసినా నేల చూస్తాడు. "వదినా, స్టేజి మీద వేసింది టైల్స్ కాదు, షీటు. ఆ లైట్ల వేడికి ఉబ్బకపోతే నన్నడగండి" అన్నాడు ఇందాక, ఎవరో పెద్ద దర్శకురాలు కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడుతుంటే. అంతకుముందు అరగంట సేపు ఆ హాలు వాళ్ళ మూలంగా దారి మూసేశారని, దుకాణం నుంచి ఇంటికి చుట్టూ తిరిగి రావలసి వచ్చిందని సణిగాడు. వాళ్ళమ్మకు చెవులు మందం. ఎవరు తెర మీదికొచ్చినా "ఈయన పోయాడన్నారే?" అంటుంది. పోలేదత్తయ్యా, పోయింది వేరే ఆయన, అని మా చెల్లెలు చెవి దగ్గర అరుస్తుంది. పెద్దావిడ నమ్మదు. నిజానికి ఈ గదిలో కాస్తో కూస్తో సరిగ్గా చూస్తున్నది ఆవిడే అనిపిస్తోంది నాకు, ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఎప్పుడో పోయినవాళ్ళే, చెప్పేవాడు లేక కూర్చున్నారు.

మా చెల్లెలు మాత్రం నేల చూడటం లేదు, దీపాలు చూడటం లేదు, ఓరకంట నన్ను చూస్తోంది. దాని ఆశ నాకు తెలుసు. "ఈసారి చెప్తాడక్కా మీ మహారాజు. ఇంత పెద్ద వేదిక, ఇంతమంది ముందు, ఆ నాటకానికే ఇస్తున్నారు, నీ పేరు చెప్పకుండా ఎలా దిగుతాడు?" అని పొద్దుటి నుంచి ఫోన్లో నా ప్రాణం తోడేసింది. చెప్తే నాకేమిటి, చెప్పకపోతే నాకేమిటి అన్నాను. ఎంత అబద్ధం. నాకేం డబ్బు వద్దు, అవార్డు బొమ్మ వద్దు, ముందు వరసలో కుర్చీ వద్దు. ఆ చివరి సీను ఆవిడది, అని ఆ నోటితో ఒక్క ముక్క. నా పేరు పెట్టి. అంతే, ఆ ముక్క కోసమే స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, టీవీ ముందుకొచ్చి కూర్చున్నాను సిగ్గు లేకుండా. టీవీలోంచి ఆయనకేదో నేను కనబడతానన్నట్టు.

అదుగో, చూపించారు. మహారాజు. కుర్రతనంలో అన్నీ రాజు వేషాలే వేసి, కిరీటం తీసేశాక కూడా టీ కప్పు ఎవరైనా చేతికందిస్తేనే తాగే అలవాటు వల్ల మా బృందంలో ఆ పేరు పడింది. కొత్త కోటు, తెల్ల చొక్కా, బిగించి కట్టిన బెల్టు. ఎవరు ముస్తాబు చేశారో, దుకాణంలో బొమ్మకు తొడిగినట్టుంది. ఒక పక్కన కొడుకు, ఫోన్ ఎత్తిపట్టి తండ్రిని కాకుండా తెరమీద కనబడుతున్న తండ్రిని వీడియో తీస్తున్నాడు. ఇంకో పక్కన ఆ పిల్ల. నా పాత్ర వేస్తున్న పిల్ల. అరవై దాటిన ముసలావిడ పాత్ర అది, నాకు యాభై దాటాక ఇప్పుడే సరిగ్గా అమరుతోందని నేను మురిసిపోతున్న పాత్ర, దానికి మహారాజుగారు పేపరువాళ్ళతో ఏమన్నారో తెలుసా, ఆ పాత్రకు ఆవిడ వయసు మీరిపోయింది అన్నారు. ముసలమ్మ పాత్రకు వయసు మీరడం! పాతికేళ్ళ పిల్ల తలకు తెల్లరంగు కొట్టించి, నడుం వంచి నిలబెట్టి, నన్ను పొమ్మన్నారు. నాకు చెప్పనుకూడా లేదు, పేపర్లో చదువుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన మొహం చూడలేదు. ఇప్పుడు నా గొంతు బ్యాంకుకు ఫోన్ చేసినవాళ్ళతో "దయచేసి వేచి ఉండండి" అని చెబుతూ ఉంటుంది, రికార్డు చేసి పెట్టుకున్నారు. "మొన్న బ్యాంకుకు చేస్తే మీరు నన్ను ఎంతసేపు నిలబెట్టారో వదినా" అని మా మరిది నేను వచ్చినప్పుడల్లా అంటాడు, అన్నప్పుడల్లా కొత్తగా నవ్వుతాడు.

ఆ నాటకంలో మేమిద్దరమే. బతుకంతా ఒకే అద్దె ఇంట్లో గడిపిన మొగుడూ పెళ్ళాం, ఆ ఇల్లు ఖాళీ చేసే రోజు. సామాను లారీ ఎక్కుతూ ఉంటుంది, గోడలు బోసిపోతూ ఉంటాయి, వీళ్ళిద్దరూ ఏ వస్తువు ఎవరిదని పోట్లాడుకుంటూ ఉంటారు. ఇద్దరే కాబట్టి ఒకరు మాట మరిచిపోతే వేరే దిక్కు లేదు. అందుకే మొదట్లోనే ఒక గుర్తు పెట్టుకున్నాం. లైను పోయినవాళ్ళు ఏదో ఒకటి తుడవాలి, ఆయన కళ్ళజోడు, నేను చేతి గాజు. తుడుస్తున్నారంటే రెండోవాళ్ళు అందుకోవాలి. ఎలా? మాట అందించకూడదు, అందిస్తే ముందు వరసకు తెలిసిపోతుంది. మాటను ప్రశ్నలో పెట్టి అడగాలి. ఆయనకు బీరువా తాళం గురించిన లైను పోయిందనుకో, నేను "బీరువా తాళం గురించేనా మీరు ఆలోచిస్తున్నది?" అంటాను, "ఆ, అదే" అని ఆయన అందుకుంటారు, బండి పట్టాలెక్కుతుంది, చూసేవాడికి అది సంసారంలా ఉంటుందే తప్ప మరుపులా ఉండదు. నా గాజు నేను తుడిచిన సందర్భాలు తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆయనకు పక్కవాళ్ళ లైన్లు వినే అలవాటు లేదు, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూసే రకం, అలాంటివాళ్ళకే మాటలు పోతాయి.

చివర్లో ఆయనకు పెద్ద ప్రసంగం ఉండేది. లారీ వెళ్ళిపోయింది, గదిలో ఒక్క కుర్చీ మిగిలింది, అప్పుడు ఆయన గోడలతో, కిటికీతో, నాతో మాట్లాడుతూ పేజీలకు పేజీలు చెప్పాలి. రచయిత దాని మీద ప్రాణం పెట్టుకున్నాడు. ఒక రోజు ప్రదర్శనలో ఆ చోటికొచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీశారు. తుడిచారు. ఇంకా తుడుస్తున్నారు. ఏ ముక్క అడగను నేను? ఒక ముక్క పోతే ప్రశ్నలో పెట్టగలను, మొత్తం పోతే ఏ ప్రశ్నలో పట్టిస్తాను? హాలంతా మా మీదే ఉంది. ఆయన అదే అద్దాన్ని మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నారు, అది నటన కాదని అంత దగ్గర్లో ఉన్న నాకు తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు నేను వెళ్ళి ఆ కుర్చీ తీసుకుని, కిటికీ వైపు తిప్పి వేసి, "కూర్చుంటారా కాసేపు?" అన్నాను. ఆయన వచ్చి కూర్చున్నారు. చిన్నపిల్లాడిలా కూర్చున్నారు. నేను వెనక్కి వెళ్ళి లైటు ఆర్పేశాను. అంతే. హాల్లో జనం లేచి నిలబడ్డారు. మరునాడు ఒక విమర్శకుడు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు పెట్టుకుని ఒక్కటీ వాడనట్టు రాసే మనిషి, "కళ్ళజోడు తుడుచుకునే ఆ ఒక్క చర్యలో నటుడు జీవితసారాన్ని పిండాడు" అని రాశాడు. పిండాడట. లైను పోయిందిరా మొద్దూ అని పేపరు పట్టుకుని నవ్వాను. కుర్చీ గురించి ఒక్క ముక్క లేదు. కుర్చీ దానంతటదే నడిచొచ్చి కిటికీ దగ్గర నిలబడిందనుకున్నాడేమో.

దాంతో ప్రసంగం ఎగిరిపోయింది, ఆ సీను అలాగే ఖాయమైంది. కానీ ఒక చిక్కొచ్చిపడింది. రోజూ చివర్లో కళ్ళజోడు తుడవడం నటన అయిపోయాక, నిజంగా లైను పోయినప్పుడు ఏం తుడవాలి? గ్రీన్ రూంలో అద్దం ముందు కూర్చుని తేల్చుకున్నాం. చేతిరుమాలుతో తుడిస్తే నటన. చొక్కా అంచుతో తుడిస్తే నిజం. పాత్రకు చొక్కా బయటికే వేలాడుతుంది కాబట్టి చేతికి అందుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఈ తేడా ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. పేపర్లకు తెలియదు, న్యాయనిర్ణేతలకు తెలియదు, పక్కన తెల్లజుట్టుతో కూర్చున్న ఆ పిల్లకూ తెలియదు. ఆయన చెప్పి ఉండరు. చెబితే తనకు లైన్లు పోతాయని ఒప్పుకోవాలి కదా.

ఆఖరి రోజుల్లో ఆ చొక్కా అంచు నలిగి మురికిపట్టిపోయింది. బట్టలు చూసే ఆవిడ ఇదేమిటమ్మా ఇక్కడే ఇంత మాసిందని అడిగేది. ప్రదర్శనకు ఒకసారి, రెండుసార్లు, ఆ తర్వాత లెక్క లేదు. బీరువా అన్న మాట కూడా పోయేది. ఒకసారి మేకప్ తుడుచుకుంటూ అన్నాను, "ఒకసారి డాక్టరుకు చూపించుకోరాదూ" అని. మామూలుగానే అన్నాను, మోకాలినొప్పికి చెప్పినట్టు. ఆయన చేతిలోని స్పాంజి అద్దానికేసి కొట్టారు. అద్దం నిండా గులాబి రంగు మరక. నెల తిరక్కముందే పేపర్లో నా వయసు మీరిపోయింది. మహారాజుకు సలహా ఇవ్వడమా, అహం దెబ్బతిందన్నమాట, అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

"అక్కా, మొదలైంది, మొదలైంది" అని చెల్లెలు నా మోచెయ్యి గిల్లింది. ఉత్తమ నటుడు. ఎవరో పొడుగాటి మనిషి ప్రశంసాపత్రం చదువుతున్నాడు, మాటలను త్యజించి మౌనాన్ని ఆశ్రయించిన అపూర్వ ఘట్టం, కుర్చీ అనే ప్రతీక. ఆ ప్రతీకను మోసినదాన్ని ఇక్కడ పల్లీలు నములుతున్నాను. మహారాజు లేచారు. కొడుకు లేచాడు ఫోనుతో సహా. ఆ పిల్ల లేచి ఆయన చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని మెట్లెక్కారు. "కాలు చూసి పెట్టాలి, అంచు లేచింది అక్కడ" అన్నాడు మరిది. "ఈయన పోయాడన్నారే?" అంది పెద్దావిడ. బొమ్మ చేతికిచ్చారు, దాన్ని బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాగితం లేదు. కాగితం చూసి చదవడం ఆయనకు నామోషీ. గొంతు మాత్రం అదే గొంతు, చివరి వరసలో ఉన్నవాడి భుజం తట్టే గొంతు. అందరికీ నమస్కారం అన్నారు. రచయితకు, బృందానికి, ప్రేక్షక దేవుళ్ళకు అన్నారు. ప్రేక్షక దేవుళ్ళట, సెల్‌ఫోన్లు మోగించే దేవుళ్ళు. తర్వాత కళ్ళజోడు తీసి, జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి, నెమ్మదిగా తుడిచారు. హాలు అమాంతం కరిగిపోయింది. కెమెరా నలుగురైదుగురు ఏడుస్తున్నవాళ్ళను వెతికి పట్టుకుంది. "పాపం, ఏడుస్తున్నాడే" అంది మా చెల్లెలు. నాకు పగలబడి నవ్వాలనిపించింది. చేతిరుమాలే పిచ్చిదానా, నటన, శుద్ధ నటన, రేపు పొద్దున ఆ రెండు పెన్నులవాడు ఇదీ రాస్తాడు. థూ, అన్నాను పైకే. మరిది ఉలిక్కిపడి పల్లీలు బాగోలేవా వదినా అన్నాడు.

"ఒక మాట ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్నాను" అన్నారు మహారాజు. చెల్లెలు నా చెయ్యి పట్టేసుకుంది. నా వేళ్ళు చల్లబడ్డాయి, వాటి మీద నాకే కోపం వచ్చింది. "మీరంతా మెచ్చుకుంటున్న ఆ చివరి సీను నాది కాదు. ఆ రోజు నాకు మాట రాలేదు. నిజంగా రాలేదు. కుర్చీ తెచ్చి వేసింది..." ఆగారు. చెప్పు. "ఆ కుర్చీ తెచ్చి వేసింది..." చెప్పవయ్యా మహానుభావా, ఇక్కడిదాకా వచ్చావు, మూడు నాలుగు అక్షరాలు, నీళ్ళు నములుతావేం? ఇంతమంది ముందు ఊరించి మింగేస్తావా? ఆ మెరుపుల గౌను పిల్లకు ఏమర్థమైందో చటుక్కున ముందు వరస వైపు చెయ్యి చూపించింది, కెమెరా వెళ్ళి ఆ తెల్లజుట్టు పిల్ల మీద వాలింది, ఆ పిల్ల రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, నేనా, నేనా అన్నట్టు తల ఊపి బొటబొటా కన్నీళ్ళు కార్చింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. "చూశావా! మళ్ళీ ఆ పిల్లకే కట్టబెట్టాడు! వీడి నోట్లో దుమ్ము పడ" అని చెల్లెలు నా చెయ్యి వదిలేసి సోఫా చేతిని గుద్దింది. కెమెరా మళ్ళీ ఆయన మీదికొచ్చింది.

కళ్ళజోడు మళ్ళీ చేతిలో ఉంది. చేతిరుమాలు బల్ల మీద, చెయ్యి చాస్తే అందేచోట, తెల్లగా మడత చెదరకుండా ఉంది. ఆయన చెయ్యి దాని వైపు పోలేదు. కోటు గుండీ విప్పింది. బెల్టు కింద బిగించి దోపిన చొక్కాను పట్టుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఇన్ని దీపాల కింద, ఇంతమంది పెద్దమనుషుల ముందు, తనకు కప్పు అందిస్తే తప్ప తాగని మనిషి, బట్టల దుకాణంలో బొమ్మలా తయారైన మనిషి, చొక్కా పైకి పీకి, నలిగిన ఆ అంచుతో అద్దాలు తుడుచుకుంటున్నారు. తుడుస్తూ పక్కకు చూశారు. నేను ఎప్పుడూ నిలబడే వైపు, ఎడమ వైపు. అక్కడ పూలకుండీ ఉంది.

ఎప్పుడు లేచానో తెలియదు. టీపాయ్ జరిగి పల్లీలు నేల మీద దొర్లాయి. నా చెయ్యి భోజనాల బల్ల దగ్గరి కుర్చీ వీపు మీద ఉంది. నా పేరు పెట్టి, ప్రశ్నలో పెట్టి, చివరి వరసకు వినబడేలా, "...గురించేనా మీరు ఆలోచిస్తున్నది?" అన్నాను. టీవీతో. పెద్దావిడకు కూడా వినబడింది, ఇటు తిరిగి చూసింది. "ఏంటక్కా ఇది" అంది చెల్లెలు, జాలిగా, సిగ్గుగా. "వాడు చెప్పకపోతే పీడా పోయింది. నీ పేరు నువ్వే చెప్పుకోవాలా?" వాడు చెప్పకపోవడం కాదే. వాడు వెతుక్కుంటున్నాడు. నా పేరు పోయింది ఆయన దగ్గర, బీరువా అన్న మాట పోయినట్టు పోయింది. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పంపించేశాడు, పంపించేసి ఇన్నాళ్ళూ ఎవరూ అందుకోని చొక్కా అంచుతో ఒక్కడే తుడుచుకుంటూ తిరిగాడు. వయసు మీరిపోయింది అన్నాడు కదూ. మీరిపోయింది, ఎవరిదో చెప్పలేదు. వెధవ. పిచ్చి వెధవ. అహం అనుకున్నాను కదరా, భయమని ఒక్క మాట చెప్పి ఏడవచ్చుగా.

మళ్ళీ అడిగాను, ఇంకా గట్టిగా, గొంతు చీరుకుపోయేలా. ఆయన ఎడమ వైపే చూస్తున్నారు. ఎవరైనా అడగండిరా, ఒక్క ప్రశ్న. ఆ పిల్ల ఏడుస్తోంది. కొడుకు వీడియో తీస్తున్నాడు. గౌను పిల్ల మైకు పట్టుకుని "మరోసారి మౌనంతో మనందరినీ గెలిచారు" అంటోంది నవ్వుతూ. ఆ మాటకు హాలు హాలంతా లేచి నిలబడింది, ముందు వరస, వెనక వరస, మేడ మీద వరస. ఎన్ని కుర్చీలు ఖాళీ అయ్యాయో, ఆయనకు ఒక్కటి తెచ్చి వేసేవాడు లేడు.

మా మరిది కూడా నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. "అవి ఆపి బండి తియ్యవయ్యా" అన్నాను. "ఎక్కడికి వదినా? ఆ దారి మూసేశారు, లోపలికి రానివ్వరు" అన్నాడు. ఆ హాలు వెనక తలుపు ఎక్కడుందో, దాని గొళ్ళెం ఎలా పైకెత్తితే వస్తుందో నాకు తెలుసు. చుట్టూ తిరిగి పోదాం పద అని చెప్పులేసుకున్నాను.